మగ్గం గుంత, అద్దె పావతి



మహాసంఘం వార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. మార్కండేయ మహర్షి గురించి, భావనారుషి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తెలంగాణ పల్లెల నుంచి మనవాళ్లు ఎట్ల వలస వచ్చారన్నది ప్రతి సంచికలో వస్తూనే ఉంది. నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, మగ్గం మీద కూర్చుని, ఆ తర్వాత చేనేత సొసైటీ లెక్కలు రాస్తూ తల పండిన మనిషిని. నాకు తెలిసినవి మూడు లెక్కలు. నూలు లెక్క, కూలి లెక్క, అద్దె లెక్క. మొదటి రెండింటి మీద మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం, మోర్చాలు తీశాం. మూడోదాని ఊసు ఎవరూ ఎత్తరు. అందుకే ఈసారి అద్దె చరిత్ర రాద్దామనుకున్నా.

వలస వచ్చిన సాలెకు మొదట కావలసింది మగ్గం కాదు, మగ్గం పట్టే గది. కొయ్య సామాను అప్పుకు దొరుకుతుంది, నూలు సావుకారు ఇస్తాడు. కానీ గుంట మగ్గం దింపాలంటే నేల తవ్వాలి. పరాయివాడి ఇంట్లో నేల తవ్వనిచ్చేది ఎవరు? సోలాపూర్‌లో మొదటి మిల్లు, మేము జూనీ మిల్ అంటాం, 1877లో నడవడం మొదలైంది. మిల్లుతో పాటే చేతి మగ్గాలు కూడా పెరిగాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన మనవాళ్లు ఊరికి తూర్పున పూర్వ భాగ్‌లో సర్దుకున్నారు. ఒకే ఖోలి, అంటే ఒకే గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక, అందులోనే మగ్గం, మూలన ఆసు. పేక కండెలు చుట్టేది ఆడవాళ్లు, పిల్లలు. కాబట్టి మనకు అద్దె అంటే ఇంటి అద్దె ఒక్కటే కాదు, కార్ఖానా అద్దె కూడా. అద్దె పెరిగితే తిండి తగ్గుతుంది. ఖోలి పోతే ఇల్లూ పోతుంది, పనీ పోతుంది, రెండూ ఒకే రోజు.

మరి ప్రభుత్వం అద్దెల్లో చెయ్యి పెట్టడం ఎప్పుడు మొదలైంది? ఇది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. సొసైటీ కేసులు చూసిన ఒక పెద్ద వకీలు సాబ్ దగ్గర కూర్చుని కొంత నేర్చుకున్నా. తర్వాత మా అబ్బాయి ఫోన్‌లో చదివి కొంత చెప్పాడు.

కథ మన దేశంలో మొదలు కాలేదు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో అనే ఊరు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ ఓడల కార్ఖానాలకు, తుపాకుల కార్ఖానాలకు జనం తండోపతండాలుగా వచ్చారు. ఇళ్ల యజమానులు అద్దెలు పెంచేశారు. మొగవాళ్లలో చాలామంది యుద్ధానికి పోయారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు మేరీ బార్బర్ అనే ఆమె వెనక నిలబడి, పెంచిన అద్దె కట్టేది లేదన్నారు. ఖాళీ చేయించడానికి వచ్చిన అమీనుల మీద పిండి ముద్దలు విసిరారని చెబుతారు. 1915 నవంబర్ 17న పద్దెనిమిది మందిని కోర్టుకు లాగితే కార్ఖానాల కూలీలు పని ఆపి కోర్టు ముందుకు వచ్చి నిలబడ్డారు. కేసు వదిలేశారు. ఆ ఏడాది పూర్తయ్యేలోపే ఇంగ్లీషు పార్లమెంటు చట్టం చేసింది. 1914 ఆగస్టులో అద్దె ఎంత ఉందో అంతే తీసుకోవాలి, అంతకు మించి వద్దని. ఆడవాళ్లు చేయించిన చట్టం అది. మన బీడీ అక్కయ్యలు వింటే సంతోషిస్తారని ఇంత రాశాను.

ఆ చట్టం నీడ మూడేళ్లకు బొంబాయి మీద పడింది. అక్కడా అదే పరిస్థితి. యుద్ధం గిరాకీతో మిల్లులు రాత్రింబవళ్లు నడిచేవి. చాళ్లలో ఒక్కో ఖోలిలో రెండు మూడు కుటుంబాలు. కామాఠిపురా అనే పేరే మన తెలంగాణ నుంచి పోయిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. 1918లో బొంబాయి సర్కారు యుద్ధకాలపు అద్దె చట్టం తెచ్చి, 1916 జనవరి 1 నాటి అద్దెను కొలమానంగా పెట్టింది. కలకత్తాలో, రంగూన్‌లో 1920లో ఇలాంటి చట్టాలే వచ్చాయి. రంగూన్ పోయిన తెలుగువాళ్లు తక్కువ లేరు కదా. అయితే ఇవన్నీ కొద్దికాలం కోసం చేసినవి. యుద్ధం వేడి తగ్గాక ఒక్కొక్కటీ ముగిసిపోయాయి.

రెండో యుద్ధం వచ్చింది, మళ్లీ అదే కథ. 1939లో ఒక చట్టం, 1944లో ఇంకొకటి. దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది, 1947లో, బొంబాయి రాష్ట్రానికి పెద్ద అద్దె చట్టం తయారైంది. 1948 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. మన మహారాష్ట్రవాళ్ల బతుకుల్ని యాభై ఏళ్లు నడిపింది ఈ చట్టమే. దాని గుండెకాయ ఒక తేదీ: 1940 సెప్టెంబర్ 1. ఆ రోజు ఆ ఖోలికి ఎంత అద్దె ఉందో అదే స్టాండర్డ్ రెంట్. ఆ రోజు ఖాళీగా ఉంటే అంతకు ముందు చివర ఇచ్చిన అద్దె. ఆ తర్వాత కొత్తగా అద్దెకిస్తే మొదటిసారి ఇచ్చిన అద్దె. మునిసిపల్ పన్ను పెరిగితే ఆ పెరిగిన మేర కలుపుకోవచ్చు. అద్దె కడుతూ, షరతులు పాటిస్తూ ఉన్నంతకాలం కిరాయిదారుణ్ణి ఊరికే వెళ్లగొట్టకూడదు. యజమాని తనకు నిజంగా అవసరమని చూపితే, కిరాయిదారు ఇంకొకరికి అద్దెకిస్తే, ఒప్పుకోకుండా పక్కా కట్టడం కడితే, ఆరు నెలలు వాడకుండా తాళం పెడితే, ఇలాంటి కారణాలు కోర్టులో రుజువు చేయాలి. కిరాయిదారు చనిపోతే అతనితో ఉంటున్న ఇంటివాళ్లకు హక్కు వస్తుంది. ఇది కూడా కొంతకాలానికే అన్నారు, కానీ మళ్లీ మళ్లీ పొడిగిస్తూ 2000 దాకా లాక్కొచ్చారు.

పక్కా కట్టడం అన్నాను కదా. మగ్గం గుంత పక్కా కట్టడమా కాదా? నవ్వకండి, మా వాడలో దీని మీద పెద్ద వాదనలు జరిగేవి. యజమానులు "నా నేల తవ్వావు, రాతి పలక వేశావు, ఇది కట్టడమే" అని బెదిరించేవాళ్లు. మనవాళ్లు "పూడిస్తే పోయేది కట్టడం ఎట్లయితది" అనేవాళ్లు. తెలివైనవాళ్లు ఖోలి తీసుకునే రోజే మగ్గం గుంతకు ఒప్పుదల చీటీ మీద రాయించుకున్నారు. అట్ల రాయించుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. చెప్పకుండా ఈ చరిత్ర ముందుకు పోదు.

మా నాయన కొత్తగా పెళ్లయి వచ్చి పూర్వ భాగ్‌లో ఒక వాడాలో ఖోలి తీసుకున్నాడు. నెలకు ఆరు రూపాయలు. నాయనకు ముందు అందులో ఉన్నాయన యుద్ధం రోజుల్లో నాలుగే కట్టేవాడట. అంటే చట్టం ప్రకారం మేమూ నాలుగే కట్టాలి. కోర్టుకు అర్జీ పెడితే ఆ నాలుగే ఖాయం చేసేవాళ్లు. "రెండు రూపాయల కోసం ఇంటాయన మీద కోర్టుకు పోతమా" అన్నాడు నాయన. ఇంటాయన కూడా మంచివాడే. నేను ఆ ఖోలిలోనే పుట్టాను. మగ్గం చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాణ్ణని మా అవ్వ చెప్పేది.

నాకు పదేళ్లు వచ్చినప్పటి నుంచి నెల మొదటి ఆదివారం అద్దె తీసుకుపోవడం నా పని అయింది. ఇంటాయన డబ్బు లెక్కపెట్టి, పావతి పుస్తకం తీసి, కళ్లద్దాలు వెతుక్కుని, నెమ్మదిగా రాసి చించి ఇచ్చేవాడు. రసీదునే ఇక్కడ పావతి అంటాం. నాకు అంతసేపు నిలబడాలంటే విసుగు, బయట గోలీలాట నడుస్తుండేది. ఒకసారి ఆయన, చూపు ఆనడం లేదు బాబూ, నీ మాట నా మాట ఒకటే కదా, నా పుస్తకంలో గీత పెట్టుకుంటాను అన్నాడు. నాకు పండగే అయింది. పైసలు ఇవ్వడం, పరుగెత్తడం. ఇంట్లో నాయన అడిగితే "ఆయన పుస్తకంల రాసుకున్నడు" అన్నా. నాయన మళ్లీ అడగలేదు. పాత పావతులు తీగకు గుచ్చి గోడకు వేలాడేసి ఉండేవి. ఒక వానాకాలం పెంకులు కారి అవి ముద్దయి పోయాయి. వాటిని ఎండబెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

చట్టంలో ఉంది, డబ్బు తీసుకున్న యజమాని రాతపూర్వకంగా రసీదు ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే జరిమానా. ఆ సంగతి నాకు తెలిసినప్పుడు నాకు ముప్పై దాటాయి.

1984లో ఇంటాయన కాలం చేశాడు. ఆయన కొడుకు చేతికి ఇల్లు వచ్చింది. నాలుగు నెలలకు మాకు ఒక రిజిస్టర్ కవరు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది నేనే. ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగు, కొంచెం మరాఠీ తప్ప రాదు. ఇంటి పన్ను కాగితం అనుకుని దేవుడి పటం వెనక పెట్టా. పండగ సీజను, చీరలు ఇవ్వాల్సిన తొందర. అది అక్కడే ఉండిపోయింది.

అది అద్దె బాకీ నోటీసు. మూడేళ్ల అద్దె ఇవ్వలేదని. ఆరు రూపాయల లెక్కన ముప్పై ఆరు నెలలకు 216 రూపాయలు.

ఇక్కడ అప్పటి చట్టం ఎట్ల ఉండేదో చెప్పాలి, ఎందుకంటే ఇది నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం. ఆరు నెలలు, అంతకు మించి బాకీ ఉందని యజమాని నోటీసు ఇస్తే కిరాయిదారుకు ఒక నెల గడువు. ఆ నెలలో బాకీ కట్టేస్తే ఖోలికి ఏమీ కాదు. మేము ఒకసారి కట్టిన డబ్బే రెండోసారి కట్టినా 216 రూపాయలతో పోయేది. అప్పు తెచ్చయినా కట్టేవాళ్లం. రెండో దారి కూడా ఉంది. అదే నెలలో "ఈ ఖోలి స్టాండర్డ్ రెంట్ ఆరు కాదు, నాలుగు, మీరు ఖాయం చేయండి" అని కోర్టుకు అర్జీ పెట్టుకున్నా ఆ గండం తప్పేది. నాయన పెట్టకూడదనుకున్న అదే అర్జీ. రెండు తలుపులూ ఒక నెల తెరిచి ఉన్నాయి. ఆ నెల అంతా ఆ కాగితం దేవుడి పటం వెనక ఉంది.

తర్వాత కోర్టు సమన్లు వచ్చాక వకీలు దగ్గరికి పరుగెత్తాం. ఆయన అడిగిన మొదటి మాట "పావతి ఏది?" రెండో మాట "నోటీసుకు జవాబు ఏది?" రేషన్ కార్డు చూపాం, ఓటరు లిస్టు చూపాం. అవి మేము అక్కడ ఉన్నామని చెబుతాయి, అద్దె కట్టామని చెప్పవు. కొడుకు తనకు ఏ గీతల పుస్తకమూ తెలియదన్నాడు. పుస్తకం ఏమైందో ఆ దేవుడికే తెలియాలి. నేను బోనులో నిలబడి ప్రతి నెలా నా చేతులతో ఇచ్చానని చెప్పాను. అబద్ధం కాదు కదా, గట్టిగానే చెప్పాను. అవతలి వకీలు ఒక్కటే అడిగాడు, మరి రసీదు ఎందుకు అడగలేదు అని. గోలీలాట అని చెప్పలేకపోయాను.

1986లో ఖాళీ చేయాలని తీర్పు వచ్చింది. పైకోర్టుకు పోదామన్నాడు వకీలు. నాయన వద్దన్నాడు. చివరి రోజు సామాన్లు బండికి ఎక్కించాక నాయన గంప తీసుకుని మన్ను మోసుకొచ్చి మగ్గం గుంత పూడ్చడం మొదలుపెట్టాడు. "ఎందుకు నాయనా, వాళ్లే పూడ్చుకుంటరు" అన్నాను. "తవ్వినోడినే పూడ్చాలె" అన్నాడు. నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, చదును చేసి, పేడతో అలికి వచ్చాడు. కొత్తగా వెళ్లిన చోట గుంత తవ్వనివ్వలేదు. నాయన మళ్లీ మగ్గం మీద కూర్చోలేదు. నేను సాంచల కార్ఖానాలో చేరాను, కొన్నాళ్లకు సొసైటీకి వచ్చాను.

మా పక్క ఖోలిలో ఒక పెద్దవ్వ ఉండేది. వేలిముద్ర మనిషి. ఆమె అద్దె ఇచ్చి, పావతి చేతిలో పడేదాకా ఇంటాయన అరుగు దిగేది కాదు. చూపు ఆనడం లేదని ఆయన అంటే "మీ కోడలితోని రాయించు, నేను కూసుంట" అనేదట. 1951 నుంచి ప్రతి పావతీ ఇనుప పెట్టెలో, వేపాకు వేసి దాచింది. ఆమెకూ అదే నోటీసు వచ్చింది. ఆమె దాన్ని చదివించుకోవడానికి ఆ రోజే వకీలు ఇంటికి పోయింది, పెట్టె మనవడి నెత్తి మీద పెట్టించుకుని. ఆమె మీద దావా పడనే లేదు.

1987లో ఆ చట్టాన్ని సవరించి, కోర్టులో కేసు మొదటి వాయిదా నాటికి బాకీ కట్టినా ఒప్పుకునేట్టు సడలించారు. మా తీర్పు వచ్చిన మరుసటి ఏడాది.

ఇదంతా చదివి యజమానులందరూ చెడ్డవాళ్లు, చట్టం అంతా మంచిది అనుకోవద్దు. సొసైటీ సెక్రటరీగా నేను రెండో పక్క కూడా చూశాను. మనవాళ్లలోనే ఒక విధవరాలు, భర్త కడుపు కట్టుకుని కట్టించిన నాలుగు ఖోలీలు ఆమెకు ఆధారం. ఒక్కోదానికి పన్నెండు రూపాయలు. 1990ల్లో ఆమెకు నెలకు వచ్చేది నలభై ఎనిమిది రూపాయలు. గోడ ఒరిగితే బాగు చేయించడానికి సొసైటీలో అప్పు అడగడానికి వచ్చింది. ఆ నాలుగు ఖోలీల్లో ఒకదానిలో ఉన్నవాడికి రెండు స్కూటర్లు. నేను అతనితో మాట్లాడితే చట్టం నాకు తెలుసు సెక్రటరీ గారూ అన్నాడు. నిజమే, చట్టం అతని పక్కనే ఉంది. బొంబాయిలోనూ ఇదే. అద్దె రాదు కాబట్టి మరమ్మతు లేదు, మరమ్మతు లేదు కాబట్టి వానాకాలం వస్తే పాత చాళ్లు కూలడం. 1969లో సర్కారు మరమ్మతు బోర్డు పెట్టి, సెస్సు వసూలు చేసి పాత ఇళ్లను బాగు చేయించే పని మొదలుపెట్టింది. అది ఎంతమందికని చేస్తుంది?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై రెండున్నర లక్షల మంది రోడ్డున పడ్డప్పుడు మనవాళ్లు వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో నిలబడగలిగారంటే అద్దె అంత తక్కువ ఉండటం వల్లనే అని నేను నమ్ముతాను. పని పోయింది కానీ కప్పు పోలేదు. ఆ పాత చట్టం చేసిన మేలు అది.

చేసిన కీడు ఏమిటంటే, లోపల ఉన్నవాణ్ణి కాపాడింది, బయట ఉన్నవాడికి తలుపు మూసింది. ఒకసారి ఇస్తే తిరిగి రాదన్న భయంతో యజమానులు ఖోలీలకు తాళాలు వేసుకున్నారు. ఇచ్చినవాళ్లు పగిడీ అడిగారు. అంటే పైన రొక్కం, రసీదు లేకుండా. అప్పట్లో అది నేరం, అయినా అందరికీ తెలిసిన రేటు ఉండేది. అద్దె అనే మాట తప్పించడానికి లీవ్ అండ్ లైసెన్స్ అనే కాగితం పుట్టింది. 1973 ఫిబ్రవరి 1 నాటికి అట్ల ఉంటున్నవాళ్లను కూడా కిరాయిదారులే అని సర్కారు చట్టం చేసింది. వాళ్లు బతికిపోయారు. కానీ ఆ దెబ్బకు మిగతా యజమానులు ఇంకా బిగుసుకున్నారు. అన్నదమ్ములు పెద్దవాళ్లయి వేరు పడదామంటే రెండో ఖోలి దొరకదు. ఒకే మగ్గం చుట్టూ మూడు కాపురాలు. మా వీధిలో పెళ్లిళ్లు ఖోలి దొరక్క ఆగిన ఇళ్లు నాకు తెలుసు.

ఈ పేచీ చివరికి సుప్రీంకోర్టు దాకా పోయింది. మాల్పే విశ్వనాథ ఆచార్య అనే ఆయన వేసిన కేసులో 1997 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. 1940 నాటి అద్దె దగ్గరే కట్టి పడేయడం ఒకప్పుడు సబబే కానీ ఇప్పుడు సబబు కాదని కోర్టు చెప్పింది. చట్టం గడువు 1998 మార్చితో ఎట్లాగూ ముగుస్తోంది కాబట్టి దాన్ని కొట్టివేయలేదు, కొత్తది చేసుకోమంది. అట్ల వచ్చిందే మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 1999. అమలు 2000 మార్చి 31 నుంచి. దీనివల్ల రాష్ట్రంలో మూడు చట్టాలు పోయి ఒకటి అయింది. మాకు బొంబాయి చట్టం, విదర్భవాళ్లకు మధ్యప్రాంతాల ఆర్డరు, నాందేడ్ వైపు మన బంధువులకు హైదరాబాద్ సంస్థానం వారసత్వంగా వచ్చిన 1954 చట్టం ఉండేవి. ఒకే కులం, ఒకే పని, వియ్యపు ఇళ్లు, కానీ అద్దెకు మాత్రం మూడు న్యాయాలు.

కొత్త చట్టంలో మనం తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత అద్దె మీద ఒకసారి అయిదు శాతం, ఆ తర్వాత ఏటా నాలుగు శాతం పెంచుకోవచ్చు. పది రూపాయల ఖోలికి నాలుగు శాతం అంటే నలభై పైసలు, అందుకే యజమానుల కోపం ఇంకా చల్లారలేదు. బాకీ నోటీసుకు ఇప్పుడు గడువు తొంభై రోజులు. కోర్టు సమన్లు అందాక కూడా ఇంకో తొంభై రోజుల్లో పదిహేను శాతం వడ్డీతో కట్టేస్తే ఖోలి నిలుస్తుంది. నీళ్లు, కరెంటు లాంటివి ఆపి వెళ్లగొట్టకూడదు. పగిడీ ఇప్పుడు నేరం కాదు. ఒప్పందం రాతలో ఉండి రిజిస్టర్ కావాలి, అది చేయించే బాధ్యత యజమానిది. చేయించకపోతే షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే నమ్ముతారు, కాదని యజమాని రుజువు చేసుకోవాలి. నేను బోనులో నిలబడిన రోజు ఈ ఒక్క వాక్యం లేదు.

కానీ మన పిల్లలు ఇప్పుడు పాత చట్టంలోనూ లేరు, కొత్త చట్టం నీడలోనూ సరిగా లేరు. వాళ్లవన్నీ పదకొండు నెలల లైసెన్స్ కాగితాలు. గడువు అయ్యాక ఎంత పెంచినా అడిగేవాడు లేడు. గడువు దాటి కూర్చుంటే రెట్టింపు కట్టాలి. భివండీలో సాంచల షెడ్డు పక్కన ఖోలీల్లో ఉంటున్న కుర్రవాళ్లకు ఆ కాగితం కూడా ఉండదు. నా దగ్గరికి వస్తారు, "మామా, ఈసారి వెయ్యి పెంచిండు" అని. నేను మొదట అడిగేది ఫోన్‌లో డబ్బు పంపావా, చేతికి ఇచ్చావా అని.

ఈ సంచిక చదివే బంధువులు వేరే రాష్ట్రాల్లో కూడా ఉన్నారు కాబట్టి, నాకు తెలిసిన మేరకు నాలుగు మాటలు. తమిళనాడులో 1960 చట్టం ఉండేది. అక్కడ పాత తేదీకి కట్టేయకుండా ఇంటి విలువ మీద లెక్క కట్టేవారు, నివాసానికి ఏడాదికి తొమ్మిది శాతం, వ్యాపారానికి పన్నెండు శాతం. మగ్గం ఉన్న ఇల్లు నివాసమా, వ్యాపారమా? మళ్లీ మన పాత తకరారే. 2019 ఫిబ్రవరి నుంచి అక్కడ కొత్త చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం ఒప్పందం రాసుకుని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. కర్ణాటకలో 1961 చట్టం పోయి 1999 చట్టం వచ్చింది. బెంగళూరు లాంటి పెద్ద ఊళ్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. బెంగళూరులో ఇప్పుడు ఆ ధరకు ఏమి దొరుకుతుందో అక్కడి బంధువులే చెప్పాలి. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ 1969 నాటి పుదుచ్చేరి చట్టం. ఢిల్లీ సర్కారు 2021లో మాదిరి చట్టం ఒకటి తయారు చేసి రాష్ట్రాలకు పంపింది. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని అందులో ఉంది. అద్దె ఎంతుండాలన్నది మాత్రం ఇద్దరి ఒప్పందానికే వదిలేసింది. అంటే 1915 నుంచి నడిచిన కథ అక్కడికి మలుపు తిరిగింది.

మా ఊళ్లో ఇంకో మలుపు కూడా ఉంది. కుంభారి దగ్గర బీడీ పని, సాంచల పని చేసుకునే కార్మికుల కోసం ముప్పై వేల ఇళ్ల కాలనీ, రే నగర్. మన నరసయ్య ఆడం గారు ఏళ్ల తరబడి దాని వెంట తిరిగారు. మొదటి పదిహేను వేల ఇళ్లు 2024 జనవరి 19న ప్రధాని చేతుల మీదుగా ఇచ్చారు. రాజకీయం ఎవరిది వాళ్లది, ఆ రోజు తాళంచెవి చేతిలో పట్టుకున్న అక్కయ్యలను నేను చూశాను. అద్దె ఖోలీల్లో ఆకు కత్తిరిస్తూ ముసలివాళ్లయిన మనుషులు. ఊరికి దూరం, పనికి బస్సు ఖర్చు, అవన్నీ ఉన్నాయి. కానీ నెల మొదటి తారీఖు భయం లేదు.

మా సొసైటీ ఆఫీసు మాత్రం ఇంకా అద్దెదే. ముందు గది, వెనక నూలు గోడౌను. కోటి రూపాయలు దాటిన మూలధనం ఉన్న కంపెనీలకు ఈ చట్టం రక్షణ లేదు కానీ మన సొసైటీ దగ్గర కోటి ఎక్కడిది, కాబట్టి చట్టం మనకు వర్తిస్తుంది. యజమాని మనవడు పుణేలో ఉద్యోగం. మేము కట్టే అద్దె ఆయనకు ఒక పూట హోటలు బిల్లుకు రాదు. అందుకని పైకప్పు రేకులు మేమే వేయించుకున్నాం, ముందుగా ఆయన దగ్గర ఒప్పుదల ఉత్తరం తీసుకుని. చెక్కు పంపితే ఆయన ఫోన్‌లో రసీదు పంపుతాడు. ఆఫీసు కుర్రవాడు "ఫోన్‌ల ఉంది కద, మళ్ల కాగితం ఎందుకు సాబ్" అంటాడు. నేను పక్కన జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి, నంబరు వేసి, బీరువాలో ఇనుప పెట్టెలో పెడతాను. వేపాకు ఏడాదికోసారి మారుస్తాను.